కాలువ మీద పచ్చదీపం

కాలువ గట్టున నీళ్లను పరీక్షించే యంత్రం మీది దీపం పచ్చబడిందని తెల్లవారేసరికి ఊరంతటికీ తెలిసింది. నీళ్లు శుభ్రమని అది పచ్చగా వెలిగితేనే బురదలోని బుడితగుల్లలు, ఆ తినే ఆల్చిప్పలు, ఏరుకోవాలి, అమ్ముకోవాలి. నలభై ఇళ్లవాళ్లు తొమ్మిదేళ్లుగా మురుగు ఆపి, మడచెట్లు నాటి ఎదురుచూసిన రోజది.

చివరికి నీళ్లలో ఒక్క దోషమే మిగిలి, దీపాన్ని ఇన్నాళ్లూ ఎర్రగానే ఉంచింది. అది మసేనమ్మ భర్త కొండలయ్య మింగే గుండె మందు. ఆయన ఒంట్లోంచి మరుగుదొడ్డికి, అక్కణ్ణించి నేలలో ఇంకి కాలువకు చేరుతోందని యంత్రం ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆ మందు మానితే బతకడని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆ ఉదయం పక్క దులుపుతుంటే మసేనమ్మకు భర్త దిండు కింద పదకొండు మాత్రలు దొరికాయి.

"ఎన్నాళ్లయింది మింగక?"

"నీళ్లు బాగుపడ్డాయి కదే," అన్నాడు కొండలయ్య గోడవైపు తిరిగి.

మసేనమ్మకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక మాత్ర ఆయన నోట్లో వేసి, నీళ్లు పట్టి, మింగేదాకా పక్కనే కూర్చుంది.

"రేపు దీపం మళ్లీ ఎర్రబడిపోద్దే."

"పడనీ."

తట్ట తీసుకుని కాలువకు వెళ్లింది. ఆడవాళ్లు మోకాటిలోతు బురదలో నవ్వుకుంటూ గుల్లలు తడుముతున్నారు.

"రా వదినా! ఇంక రోజూ ఇదే పని మనకి," అంది పక్కింటి నాగరత్నం.

"ఎన్ని దొరికితే అన్ని ఈవేళే ఏరుకోండి," అంది మసేనమ్మ.

నాగరత్నం నవ్వు ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత కాస్త జరిగి తన పక్కన చోటిచ్చింది.