కలుగు ముందు వడ్లు

చర్చి వెనక పొలంలో ఒక ఎలుక ఉండేది. దాని కలుగు నిండా వడ్లే. కుంటి గోరువంక ఒకటి రోజూ వచ్చి, "ఎలుకన్నా, నాలుగు గింజలు పెట్టవా? లేనివాళ్లకు పెడితే ఏసయ్యకు పెట్టినట్టేనని పాస్టరుగారు చెబుతుంటే విన్నాను" అనేది.

"రేపు చూద్దాంలే" అనేది ఎలుక.

ఒకరోజు గోరువంక రాలేదు. ఆకలికి తాళలేక ఏరు దాటి పోయిందని కొంగ చెప్పింది. ఆ పూట ఎలుకకు గింజ గొంతు దిగలేదు. కలుగు ముందు వడ్లు పోసి, ఏటివైపే చూస్తూ కూర్చుంది. అలా ఎన్నాళ్లు చూసినా గోరువంక గొంతు మళ్లీ వినబడలేదు.

ఒక పొద్దున బక్కచిక్కిన పిచ్చుక వచ్చి వాలింది. "ఇవి ఎవరి కోసం, మామా?" అని బెరుకుగా అడిగింది.

ఎలుక ఇంకోసారి ఏటివైపు చూసింది.

"నీ కోసమే తల్లీ, తిను" అంది.