ఖాళీగా పోయిన ముప్పై కిలోలు

విమానాల కంపెనీ పెద్దల్లారా, ముత్తుకూరు సెంటర్‌లో ఆ బోర్డు పెట్టించింది మీరే. చెన్నై కువైట్ మధ్య ఎటు పోయినా సగం రేటే అని మనిషెత్తు అక్షరాలు రాయించిందీ మీరే. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఏముందో చదవాలంటే నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

ఎవరు ఎక్కాలి? రెబెక్కమ్మా?

రెబెక్కమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. సెలవు మీద ఊరికి వచ్చింది. తిరుగు టికెట్ ఆమె తమ్ముడు జడ్సన్ కొన్నాడు. ఆ బోర్డు చూసే కొన్నాడు. సగానికి సగం మిగిల్చానని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

మిగిలిందేమిటో చెన్నై విమానాశ్రయంలో తెలిసింది.

ఈ టికెట్‌కి చేతిసంచి ఒక్కటే, పెట్టెకి చోటు లేదని కౌంటర్‌లో అమ్మాయి చెప్పింది. పెట్టె పోవాలంటే కిలోకి ఇంత అని చూపించింది. టికెట్‌లో మిగిలిందంతా కట్టినా చాలదు.

ఆ పెట్టెలో రెబెక్కమ్మవి రెండు చీరలే. మిగతావన్నీ పరాయి ఇళ్ల పొట్లాలు. ఎవరు కువైట్ పోతున్నా, అక్కడ పనిచేసే ఆడవాళ్ల ఇళ్ల నుంచి పొట్లాలు వచ్చి చేరతాయి. ఒక ఇంటి నుంచి నిమ్మకాయ ఊరగాయ. ఒక ఇంటి నుంచి కారప్పొడి. మగ్దలీనమ్మ అనే ముసలామె, ఏళ్లుగా ఊరు చూడని కూతురు అబిగయీలు కోసం ఎండు నెత్తళ్ల చేపలు ఇచ్చింది. తిన్నాక బిడ్డ ఏమందో ఫోన్ చేసి చెప్పాలని మాట తీసుకుంది.

రెబెక్కమ్మ జడ్సన్‌కి ఫోన్ చేసింది. బోర్డు మీద అట్టా లేదే అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ అదే అన్నాడు.

వెనక నిలబడ్డ మనిషి ముందుకు వచ్చాడు. నలిగిన చొక్కా. చేతిలో బట్టల కొట్టు కవరు ఒక్కటే.

"ఆఫర్ టికెట్టా తల్లీ?"

అవునంది.

"నాది పూర్తి రేటుది. ముప్పై కిలోలు ఖాళీగా ఉండాది. నా పేరు మీద ఏయించు."

"నీకు సామాన్లు లేవా?"

అతను కవరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

కువైట్ పోయేవాడు వట్టి చేతులతో పోతాడా? రెబెక్కమ్మకి అనుమానం వచ్చింది. పోయినేడు పక్క ఊరి పిల్ల ఒకతె పరాయి మనిషి మాట విని, సంచిలో ఏముందో తెలియక అక్కడ జైల్లో పడింది. ఫోన్‌లో అంతా వింటున్న జడ్సన్ కూడా అదే అన్నాడు.

"ఊరికే ఎవుడు మోస్తాడక్కా? నీ పెట్టెలో ఏదో ఒకటి దోపుతాడు. దగ్గరికి రానీబాక."

ఇద్దరూ ఒకటేనా అని కౌంటర్ అమ్మాయి అడిగింది.

"మా చెల్లెలు," అన్నాడతను.

"కాదు. ఈ మనిషెవురో నాకు తెలవదు," అంది రెబెక్కమ్మ.

గట్టిగానే అంది. ఇద్దరు జవాన్లు వచ్చారు. అతన్ని గోడ వారకు తీసుకుపోయి చెప్పులు విప్పించారు. జేబులు తిరగేయించారు. కవరు బల్ల మీద గుమ్మరించారు.

మడత విప్పని కొత్త చీర. గాజులు. పసుపు, కుంకుమ పొట్లాలు.

ఒక జవాను పసుపు పొట్లం విప్పి వాసన చూశాడు. రెండోవాడు చీర ఎవరికని అడిగి నవ్వాడు. అతను చీర మీద పడ్డ పసుపు దులిపి, అదే మడతలో మళ్లీ పెట్టుకున్నాడు.

అక్కడెవతెనో పెట్టుకుని ఉంటాడు అనుకుంది రెబెక్కమ్మ.

పెట్టె నేల మీద తెరిచింది. పట్టినవి చేతిసంచిలో కుక్కింది. మిగతావి చెత్తబుట్టలో విసరడానికి చేయి రాక, ఒక్కొక్కటే పెట్టింది. మగ్దలీనమ్మ నెత్తళ్లు అన్నిటికన్నా ఆఖర్న.

విమానంలో సంచి పై అరకు అందక అవస్థ పడుతుంటే, వెనక నుంచి ఎవరో ఎత్తి పెట్టారు. తిరిగి చూస్తే అతనే.

కువైట్‌లో దిగేసరికి బయట అబిగయీలు కనిపించింది. అక్కడి తెలుగువాళ్ల సంఘం వాళ్ల కారులో వచ్చిందట. మనిషిని చూడకముందే చేతుల వంక చూసింది.

"మాయమ్మ ఏమిచ్చిందక్కా?"

రెబెక్కమ్మ నోరు తెరవబోయేలోగా అతను బయటికి వచ్చాడు. సంఘం వాళ్లు ఎదురుపోయారు. ఒకతను భుజం మీద చేయి వేసి కారులో కూర్చోబెట్టాడు.

ఆయనెవరని రెబెక్కమ్మ అడిగింది.

గూడూరు పెంచలయ్య అని అబిగయీలు చెప్పింది. ఆయన భార్య సాయిలక్ష్మి తమ వీధిలోనే పనిచేసేది. ఎండాకాలం నుంచి గుండెల్లో నొప్పి. ఇంటికి వచ్చేస్తానంటే, ఆఫర్ పడింది, కొంచెం ఆగమన్నాడు. బోర్డు మీది రేటు నాలుగు నెలల తరవాతి తేదీకే దొరికింది. అదే కొన్నాడు. నొప్పి ముదిరి తేదీ ముందుకు జరపమంటే, కొత్త టికెట్ కన్నా ఎక్కువ కట్టమన్నారు. ఆమే వద్దంది. ఓర్చుకుంటానంది.

"మొన్న పోయిందక్కా. సంఘం వాళ్లు వీసా తెప్పించినారు. ఈసారి రేటు కూడా చూడకుండా కొన్నాడంట. ఆమెకి కట్టే ఆఖరి చీర ఇంటి నుంచే తెస్తానన్నాడు."

రెబెక్కమ్మ కారు వెనక నాలుగు అడుగులు పరుగెత్తింది. కారు ఆగలేదు.

సాయిలక్ష్మి ఆఫర్ టికెట్‌కి తేదీ ఇంకా రానే లేదు.

ఆ బోర్డు దించండి. దించరా, అయితే పెట్టెతో సహా, తేదీ మార్పుతో సహా మనిషి ప్రాణంతో ఇల్లు చేరడానికి ఎంతవుతుందో ఆ మనిషెత్తు అక్షరాల్లోనే రాయండి. ఇవాళే.