బొటనవేలి మీది పేరు

"డబ్బా మేడం వచ్చింది!"

దీప్తి ఆటో దిగీ దిగకముందే పిల్లలు కేక పెట్టారు. ఆమెకు నవ్వొచ్చింది. హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఏ బడికి వెళ్ళినా ఇదే వరస. చంకలో ఎర్ర రంగు వేసిన రేకు డబ్బా ఉన్నంతకాలం ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తుండదు.

రోగం వచ్చాక మందేయడం కాదు, రాకముందే టీకా వేయాలి. ఆడపిల్లల మీద జరిగే అఘాయిత్యాల విషయంలోనూ అంతే. ఇది దీప్తి పనిచేసే సంస్థ మాట. ఆ మాట నమ్మే ఆమె రోజూ కోదాడలో తెల్లారగట్ల వంట ముగించుకుని బస్సెక్కుతుంది.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలతో రెండు గంటల క్లాసు. ఎవరి చెయ్యి ఎక్కడ పడితే ఊరుకోకూడదు, ఎప్పుడు గట్టిగా అరవాలి, ఎవరికి చెప్పాలి, అన్నీ చెప్పింది. ఆఖర్న డబ్బా ఎత్తి చూపింది.

"నోటితో చెప్పలేనిది చీటీ మీద రాసి ఇందులో వేయండమ్మా. మీ హెడ్మాస్టరు గారికి కూడా చూపించను. నా చేతికే వస్తుంది."

పోయినేడు ఈ పిల్లలే ముప్పై ఎనిమిది చీటీలు వేశారు. ఆ మధ్యాహ్నమే మిర్యాలగూడలో ఇంకో బడి ఉండటంతో, మడతలు విప్పకుండానే బస్సులో లెక్కపెట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఫొటో తీసి, రిపోర్టుతో పాటు సూర్యాపేట ఆఫీసుకు పంపేసింది. అన్ని చీటీలు మరే బడిలోనూ పడలేదట. మీటింగులో ఆమెకు శాలువా కప్పారు.

ఈసారి కొత్తగా ఇంకో పని పెట్టింది. తెల్లకాగితం మీద ఎడమ చెయ్యి ఆనించి చుట్టూ గీత గీయాలి. ఒక్కో వేలి మీద, కష్టమొస్తే చెప్పుకోగల మనిషి పేరు ఒక్కొక్కటి రాయాలి.

పిల్లలు కిసకిసలాడుతూ గీశారు. ఒకమ్మాయి ఐదు వేళ్ళకీ 'అమ్మ' అనే రాసింది. మూల బెంచీలో మనీషా అనే అమ్మాయి మాత్రం ఒక్కో పేరూ రాయడం, వెంటనే అడ్డంగా కొట్టేయడం. బొటనవేలిని అరచేత్తో మూసి పెట్టింది. డబ్బా తన దగ్గరికొస్తే చీటీ వేయకుండానే పక్కకు జరిపేసింది.

అన్నం బెల్లు మోగింది. అందరూ పళ్ళాలు పట్టుకుని పరుగెత్తారు. మనీషా లేవలేదు.

"చీటీ వేయలేదేమ్మా?" అంది దీప్తి పక్కన కూర్చుంటూ.

"ఏసి ఏం లాభం మేడం."

దీప్తి మనసు చివుక్కుమంది. "ఈ పేర్లెందుకు కొట్టేశావు?"

"అందరికి చెప్పిన. అయిపోయింది ఇగ."

మెల్లమెల్లగా బయటికొచ్చింది సంగతి. ట్యూషన్ సారు. ఊళ్ళో అందరూ దండం పెట్టే మనిషి. లెక్కలు మిగిలాయని చెప్పి మనీషాను ఆపి, మిగతా పిల్లల్ని పంపేస్తాడు. ఏడాదిన్నరగా ఇదే. ఇవాళ సాయంత్రం ఆరింటికి మళ్ళీ ట్యూషన్ ఉంది.

"అమ్మకు చెప్తే కొట్టింది మేడం. ఫీజు గూడ తీసుకుంటలేడు, గసొంటోని మీద నింద ఏస్తవా అన్నది. నానమ్మేమో గీ ముచ్చట బయటపడితే నీకే పెండ్లి గాదన్నది."

మధ్యవేలు సింధుది, ప్రాణస్నేహితురాలు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టి, మర్నాడే ఆటోలో అందరికీ చెప్పేసింది. చూపుడువేలు క్లాస్ టీచర్ లక్ష్మీకాంతమ్మది. ఆ సారు ఆవిడకి చుట్టం. పదో తరగతి అయిందాకా జర ఓపిక పట్టు బిడ్డా అని తల నిమిరి పంపించిందట.

దీప్తికి ఒళ్ళు మండిపోయింది. కంచే చేను మేస్తే ఇంక ఈ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి? సూర్యాపేటలో బాలల రక్షణ ఆఫీసుకు ఫోన్ చేసింది. పిల్ల పరిస్థితి చెప్పింది. వెంటనే బయల్దేరుతున్నామన్నారు.

"రెండింటికల్లా వచ్చేస్తారు. నువ్వివాళ ట్యూషన్‌కి వెళ్ళవు. ఇంకెప్పుడూ వెళ్ళవు. వాళ్ళొచ్చేదాకా నీ పక్కనుంచి కదలను, సరేనా?"

మనీషా ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. "గట్లనే అంటరు," అంది.

ఆ పిల్లకు ఎవరి మాట మీదా నమ్మకం లేకుండా చేశారు. దీప్తికి ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకే కోపం.

"ఏడాదిన్నర! ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు పట్టించుకుని ఉంటే నీకింత నరకం ఉండేదా? నమ్మించి గొంతు కోసినవాళ్ళని ఊరికే వదలకూడదు మనీషా. ఆ చేతికింద ఇంకో పేరుంది కదా? ఎవరది?"

మనీషా అరచేతిని ఇంకా గట్టిగా అదిమింది.

"భయపడకు. ఎంత పెద్దవాళ్ళైనా సరే, నిలబెట్టి నేనే అడుగుతా."

అప్పుడు తలెత్తి, మొదటిసారి దీప్తి కళ్ళలోకి చూసింది మనీషా. "అమ్మకన్న ముందుగాల గామెకే చెప్పిన. నా పేరు, సారు పేరు, అన్ని చెప్పిన. ఇయ్యాల వస్తది, రేపు వస్తది అని గేటు దిక్కే సూసేదాన్ని మేడం."

అని, కాగితం మీంచి మెల్లగా చెయ్యి తీసింది: బొటనవేలి మీద, కాగితం చిరిగిపోయేంత గట్టిగా కొట్టేసి ఉంది 'డబ్బా మేడం' అన్న పేరు.