బోటు వాటా

ఆరో పలక మీద కూడా అయిదే ఉండేసరికి మండల విద్యాధికారి అనంతకృష్ణ గారు అక్కడే ఆగిపోయారు. మిగిలిన అయిదు పలకలూ చూడాలనిపించలేదు ఆయనకి. వెనక్కి తిరిగి, "ఏంటమ్మా ఇది?" అని సుహాసిని టీచర్ని అడిగారు.

నల్లబల్ల మీద ఉన్నది ఆయన స్వయంగా రాసిన లెక్క. అయిదుగురు బోటులో వేటకి వెళ్లారు, వలలో ముప్పై అయిదు చేపలు పడ్డాయి, సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని వస్తాయి? సముద్రం పక్క ఊరు కదా, పిల్లల పరిసరాల్లోంచే లెక్క ఇవ్వాలని ఆయన ముచ్చటపడి చేపల్ని తెచ్చారు. ఊళ్లోకి వస్తూనే ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్న మనిషికి అది చిన్న త్యాగమేమీ కాదు.

జవాబు ఏడు రావాలి. నాలుగో తరగతి పిల్లలకి అది మంచినీళ్లు తాగినంత సులువు. రెండు నెలలుగా సుహాసిని భాగహారం తప్ప ఇంకో మాట ఎత్తలేదు మరి.

భాగహారంలో ఏ ఒక్కరు తప్పినా వేసవి సెలవుల్లో నెల్లాళ్లు ఆ తరగతికి ప్రత్యేక క్లాసులు పెట్టాలనీ, అవి ఆ టీచరే చెప్పాలనీ పైనుంచి వచ్చిన ఆర్డరు ఆయన ఫైల్లోనే ఉంది. పెళ్లయిన నాలుగేళ్లకి మొగుణ్ణి ఒప్పించి మే నెలలో ఊటీకి టిక్కెట్లు తీయించింది సుహాసిని. అవి కాస్తా కళ్లముందే సముద్రంలో కొట్టుకుపోతున్నాయి.

అందరిదీ ఒకే తప్పంటే చూసి రాయడమేనని తేల్చేశారు అధికారి. సుహాసిని కాదనలేదు. ఇంకొక్క లెక్క అడగనివ్వమని మాత్రం బతిమాలింది. ఆయన వాచీ చూసుకుని సరేనన్నారు. ముప్పై అయిదు మామిడిపళ్లు అయిదుగురు పంచుకుంటే ఎన్నెన్ని వస్తాయని పిల్లల్ని అడిగింది.

"ఏడు" అని పదకొండు గొంతులూ ఒక్కసారే లేచాయి.

అనంతకృష్ణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మామిడిపళ్లకి వచ్చిన ఏడు చేపలకి ఎందుకు రాలేదని అడిగారు. ముందు బెంచీలోంచి పృథ్వీరాజ్ లేచాడు. ఇంత పెద్ద ఆఫీసరుకి ఈపాటి తెలీదా అన్న జాలి వాడి మొహంలో బాగానే కనపడింది.

"మామిడిపళ్లకి బోటు అక్కర్లేదు గదండి" అన్నాడు.

ఆ తర్వాత వాడే నిదానంగా, అర్థంకాని పిల్లాడికి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. వేటలో పడ్డ చేపల్లో మనుషులతో పాటు బోటుకో వాటా, వలకో వాటా తీస్తారు. మనుషులు అయిదుగురు, బోటొకటి, వలొకటి, వెరసి ఏడు వాటాలు. ముప్పై అయిదుని ఏడుతో భాగిస్తే అయిదు. బోటుకి వాటా ఇమ్మని లెక్కలో నేను రాయలేదు కదా అన్నారు అధికారి. రాయకపోయినా ఇవ్వాలన్నాడు వాడు.

"ఇయ్యకపోతే రేపు వేటకి ఈదుకుంటా ఎల్తారేటండి?"

ఆయన సుహాసిని వంక చూశారు. వరిపొలాల నడుమ నుంచి, నరసన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చే సుహాసినికి వేట వాటాల సంగతేం తెలుసు పాపం. మధ్యాహ్నం వంట చేసే దేముడమ్మని కేకేసింది. దేముడమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి విషయం విని, బాబుగోరు ఇంత చదువు చదివి బోటు వాటా మర్చిపోతే ఎలాగని నొచ్చుకుంది. ఈ లెక్క తన తాతల నాటి నుంచీ ఇంతేనని కూడా చెప్పింది.

అనంతకృష్ణ గారు ఫక్కున నవ్వేశారు. మనిషి మంచివాడే, ఎటొచ్చీ చేపలంటేనే కాస్త పడదు. భాగహారం చక్కగానే వచ్చింది, ప్రశ్న వేసిన వాడికే సరిగ్గా రాలేదని ఒప్పుకుని, బల్ల మీది లెక్కని తన చేత్తోనే తుడిచేశారు. సుద్దముక్క పట్టుకుని మొదటి పలక నుంచి మళ్లీ మొదలుపెట్టి ఒక్కొక్కదాని మీదా టిక్కు పెట్టుకుంటూ వెళ్లారు. ఆరు, ఏడు, ఎనిమిది. సుహాసినికి అప్పుడే ఊటీ చలిగాలి మొహానికి కొడుతున్నట్టుంది. ఆనందం పట్టలేక కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తొమ్మిది, పది.

పదకొండో పలక దగ్గర సుద్దముక్క ఆగింది.

చివరి బెంచీలో ఒద్దిగ్గా కూర్చున్న చరిత పలక అది. దాని మీద ఇంతింత అంకెలతో పదిహేను అని ఉంది. ముప్పై అయిదుని అయిదుతో భాగించినా, ఏడుతో భాగించినా, ఎవరితో భాగించినా పదిహేను వచ్చే దారి లేదు. పిల్లని పక్కకి పిలిచి నాలుగు తగిలిద్దామన్నంత కోపం, ఎత్తుకుని ఏడుద్దామన్నంత దిగులు సుహాసినికి ఒకేసారి వచ్చాయి.

అధికారి కూడా నిజంగానే బాధపడ్డారు. ఒక్కరు తప్పినా తప్పినట్టే, తన చేతుల్లో ఏమీ లేదమ్మా అంటూ పెన్ను మూత తీశారు. అందరికీ అయిదొస్తే నీకు పదిహేను ఎలా వచ్చింది, నిదానంగా మళ్లీ చెయ్యమని సుహాసిని చరితని అడిగింది.

చరిత సుద్దముక్క ముట్టుకోలేదు. పలకని ఇంకాస్త పైకెత్తి పట్టుకుంది.

"అయిదు కూలికొచ్చినోలకండి. బోటు మాది, వల మాది, మా అయ్యకి మూడు వాటాలొస్తాయి."