బావ అలక

“కాలు కాస్త వదులు చెయ్యి బావా, బూటు ఎక్కట్లేదు,” అన్నాడు మేస్త్రీ.

బావ పలకలేదు. ఇసుక గుట్ట పక్కన వెల్లకిలా పడుకుని, పై అంతస్తు పరంజా వైపే చూస్తున్నాడు.

“బతిమాలడాలు తర్వాత. తనిఖీ సార్లు జీపులో బయల్దేరారంట.” సూపర్‌వైజరు అట్టపెట్టె చించాడు. కొత్త బెల్టు, హెల్మెట్, మోకాళ్ళకు కట్టుకునే మెత్తలు. “అన్నీ తొడిగెయ్. ఒక్కటి తగ్గినా మనిద్దరి పీకకీ చుట్టుకుంటుంది.”

వీటి కోసమే నిన్న బావ అడిగాడు. చెక్క మీద గొంతుక్కూర్చుని ప్లాస్టరింగు చేసీ చేసీ మోకాళ్ళు పట్టేశాయన్నాడు. ఆ చెక్క కూడా ఊగుతోంది, బెల్టు కావాలన్నాడు.

“మెత్తలూ, బెల్టూ! పల్లకీ కూడా తెప్పించమంటావా బావా?” అన్నాడు మేస్త్రీ. కూలీలంతా గొల్లుమన్నారు. బావ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. పొద్దున పనిలోకి వచ్చాడు గానీ, మేస్త్రీతో ఒక్క మాట మాట్లాడలేదు.

మేస్త్రీ ఫోను మోగింది. చెల్లెలు.

“అన్నయ్యా, ఆయన్ని ఆ చెక్క మీదికి ఎక్కించకు. పొద్దుట్నుంచీ నా మనసు మనసులో లేదు.”

“ఎక్కించనమ్మా. కిందే ఉన్నాడు, నా ఎదురుగానే.”

“బెల్టు ఇచ్చావా మరి?”

“కొత్తది. బూట్లు, హెల్మెట్, మెత్తలు కూడా. నా చేత్తో నేనే కడుతున్నా.”

చెల్లెలు నవ్వింది. “మా అన్నయ్యేనా! పెళ్ళికొడుకుని చేస్తున్నావా ఏంటి? ఒకసారి ఫోను ఆయనకివ్వు.”

“నిన్నటి కోపం తల్లీ. మాట్లాడడు.”

“నాతో కూడానా?”

“ఎవరితోనూ.”

“ఉండు, అన్నం పట్టుకుని నేనే వస్తున్నా. నన్ను చూస్తే అలకంతా అదే దిగిపోతుంది.”

“వద్దమ్మా!” అని అరిచాడు మేస్త్రీ. అప్పటికే ఫోను పెట్టేసింది.

సూపర్‌వైజరు గుప్పెడు సిమెంటు దుమ్ము తీసి కొత్త బెల్టుకు రుద్దాడు. “తళతళలాడితే ఇవాళే తీశామని పట్టేస్తారు. హెల్మెట్ ఇంకాస్త వెనక్కి లాగు. ఆ తడి మీద ఇసుక చల్లు.”

మేస్త్రీ చల్లాడు. బెల్టు బిగిస్తూ, “నొక్కుకుంటే చెప్పు బావా,” అన్నాడు. సూపర్‌వైజరు అతనివంక వింతగా చూశాడు.

“కొక్కెం ఎక్కడ తగిలించమంటారు?”

“ఎక్కడా వద్దు. వదిలెయ్. ఇవ్వడం మన పని, తగిలించుకోవడం అతని పని. అడిగితే అదే చెప్పు.”

గేటు దగ్గర జీపు ఆగింది. దాని వెనకే క్యారియరు పట్టుకుని చెల్లెలు. దూరం నుంచే బూట్లూ బెల్టూ హెల్మెట్టూ చూసుకుని ఆమె మొహం వెలిగిపోయింది.

“ఏమండోయ్! మా అన్నయ్య ఇంత చేసినా ఇంకా అలకేనా?” అంటూ గబగబా వస్తోంది.

మేస్త్రీ వంగి, బావ కళ్ళు మూశాడు.