కొత్త కామ్‌షాఫ్ట్, పాత చైను

కారును తాడు కట్టి లాక్కొచ్చారు. వెనకభాగం మొత్తం నుజ్జునుజ్జయింది. ముందుభాగం మీద గీత కూడా పడలేదు.

ఉధనాలో మరమగ్గాల సందు చివర ఉంది గంగారాం గ్యారేజీ. సిరిసిల్ల నుంచి మగ్గం పనికి సూరత్ వచ్చి, మగ్గాల మోటార్లు బాగుచేస్తూ చేస్తూ కార్ల మెకానిక్కయిన మనిషి. ఆ ఎర్రకారును చూడగానే అతని చేతిలోని పానా ఆగిపోయింది.

కారుతో వచ్చిన పెద్దమనిషి పేరు లక్ష్మీపతి. రైల్వేలో పనిచేస్తాడు. గడ్డం మాసి ఉంది. జేబులోంచి ఒక కార్డు తీసి చూపించాడు.

"ఇది నీ గ్యారేజీదేనా?"

"నాదే సార్."

"కార్లో దొరికింది. మా అబ్బాయి ఉదయ్‌కిరణ్ నీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చిండు సార్."

"కొత్త కామ్‌షాఫ్ట్ వేయిస్తే కారు దూసుకుపోతుందని ఆర్నెల్లు నా ప్రాణం తోడేశాడు. వద్దంటే విన్లేదు. వేయించుకున్న ఇరవై రోజులకే, పల్సానా దాటాక, వాడు నడుపుతుండగానే హైవే మధ్యలో ఇంజను టక్కున ఆగిపోయింది. వెనకనుంచి లారీ." లక్ష్మీపతి నలిగిన వెనక తలుపు మీద చెయ్యి పెట్టాడు. "వెనక సీట్లో వాళ్లమ్మ ఉంది. దుర్గాంబ."

గంగారాం తల వంచుకున్నాడు.

"ఇంజను విప్పు. ఎందుకు ఆగిందో నాకు తెలియాలి."

"వేరే మెకానిక్‌కు సూపెట్టుండ్రి సార్."

"ఏం? భయమా?"

గంగారాం బానెట్ ఎత్తాడు. లోపల ఏముందో విప్పకముందే అతనికి తెలుసు.

ఒక్కో బోల్టూ తీశాడు. పై కవరు లేచింది. వాల్వులను తెరిచి మూసే కొత్త కామ్‌షాఫ్ట్ తళతళలాడుతోంది. దాన్ని తిప్పే పళ్లచక్రం మీద పాత చైను వదులుగా వేలాడుతోంది. ముందు కవరు కూడా తీశాక, చైనును పట్టి ఉంచే ప్లాస్టిక్ గైడు రెండు ముక్కలై అతని అరచేతిలో పడింది.

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

"గీ కామ్‌షాఫ్ట్‌తోని గట్టి స్ప్రింగులు ఏస్తరు సార్. చైను మీద లోడ్ పెరుగుతది. అందుకని చైను, గైడు, చైనును బిగువుగ ఉంచే టెన్షనరు అన్నీ కొత్తయి ఏయాలె. లేకుంటే చైను పన్ను దాటుతది. పిస్టన్లు పోయి వాల్వులకు కొట్టుకుంటయి. ఇంజన్ గాడికే ఖతం."

"మరి కొత్తవి వేయలేదా?"

"ఏయలేదు సార్."

గుడ్డతో గైడు ముక్కలు తుడవసాగాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు. కాసేపటికి అడిగాడు.

"పిలగాడు ఎట్లున్నడు సార్?"

"ఎలా ఉంటాడు? ఒంటి మీద దెబ్బ లేదు. నెలరోజులైంది, నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం ముట్టడు. మొన్న పొద్దున మేడ మీద పిట్టగోడ ఎక్కి నిలబడ్డాడు. చెల్లెలు చాందిని చూసి కాళ్లు పట్టుకుని లాగింది కాబట్టి సరిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీ మానేసి అన్నకు కాపలా కూర్చుంటోంది. దుర్గాంబ ఎలాగూ పోయింది. ఇక వీణ్ణి కూడా..."

మాట పూర్తికాలేదు. దుఃఖమంతా ఒక్కసారి కోపమైంది. లక్ష్మీపతి వచ్చి గంగారాం కాలరు పట్టుకున్నాడు.

"ఈ పని ఎవరు చేశారు? నీ నోటితో చెప్పు."

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య భూదేవి గడపలోనే నిలబడిపోయింది. గంగారాం ఆమె వంక చూశాడు. విరిగిన గైడు వంక చూశాడు. తప్పించుకునే దారేదీ కనిపించలేదు.

"నేనే సార్. తప్పు నాదే."

చెంప చెళ్లుమంది. పక్కింటి మగ్గాల హోరులో కూడా వినపడింది. గంగారాం చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

లక్ష్మీపతి ఒక కాగితం అతని ముందు పడేశాడు.

"రాసివ్వు. హిందీలో రాయి. పోలీసులు చదవాలి."

గంగారాం అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు వాక్యాలు రాశాడు. కింద సంతకం పెట్టాడు. మసి చేతి వేళ్లు కాగితం మీద అచ్చుపడ్డాయి.

"సార్, ఒక్క మాట. పోలీసులకన్న ముందుగాల గీ కాగితం పిలగానికి సూపెట్టుండ్రి. ఇయ్యాల్నే సూపెట్టుండ్రి."

"నువ్వు నాకు చెప్పొచ్చావా?" లక్ష్మీపతి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

భూదేవి లోపలికొచ్చి కూలబడింది.

"ఏందయ్యా, గిట్ల జేసినవ్? రేపు నిన్ను జైల్ల ఏస్తే నేనేం గావాలె? ఇరవై ఏండ్ల సంది సంపాయించుకున్న పేరు, ఒక్క పూటల మట్టిల కలిసె."

"ఇంకేం జెయ్యాల్నో నాకు సమజ్ గాలేదే."

అన్నం గిన్నె మూత తీయకుండానే చల్లారిపోయింది. గంగారాం ఆ పూట ఇంకే బండినీ ముట్టుకోలేదు. స్టూలు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు. పోలీసు జీపు హారన్ అనుకుని రెండుసార్లు లేచి నిలబడ్డాడు. రెండుసార్లూ చీరల బేళ్ల టెంపోలే.

సాయంత్రం షిఫ్టు మారే వేళకు ఫోను మోగింది. తెలియని నంబరు.

"హలో, ఎవరు?"

అవతల ఎగఊపిరి. ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. చాలాసేపటికి, నెలరోజులుగా వాడని గొంతు ఒకటి బొంగురుగా పలికింది.

"అంకుల్, 'చైను మార్చకుండా ఈ పని నేను ముట్టను' అని మీరు నన్ను వెనక్కి పంపేస్తే, ఇంటికెళ్లి నా చేతులతో నేనే బిగించుకున్నానని నాన్నకు ఎందుకు చెప్పలేదు?"