తెల్ల ముసుగు

రాజుగారు పోయారు. ఆచారం ప్రకారం రాణి అజలైస్‌కు తెల్లబట్టలు కట్టి, తెల్ల ముసుగు కప్పి, చీకటి గదిలో పెట్టి తాళం వేశారు. నలభై రోజులు ఎవరూ ఆమె ముఖం చూడకూడదు, ఆమె ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆలోగా కడుపుతో ఉందో లేదో తేలిపోతుంది. ఉంటే సింహాసనం ఆ బిడ్డది. లేకపోతే రాజుగారి తమ్ముడిది.

తలుపు దగ్గర కాపలాకి ఆ తమ్ముడు తన మనిషినే పెట్టుకున్నాడు. పేరు గిలెల్మ. కోట వంటింట్లోనే ముసలిదైపోయిన విధవరాలు. ఆమె ఒక్కగానొక్క కూతురు పెరోనెల్ రాణికి దాసి.

తాళం వేసే ముందు రాణి దాసిని పంపేసింది. పిల్ల ముసుగు ముఖం మీదికి లాక్కుని, తల్లిని పలకరించకుండానే మెట్లు దిగిపోయింది.

"రెక్కలొచ్చాయి దీనికి" అని గొణుక్కుంది గిలెల్మ. పోనీలే, ఈ కొంపలోంచి బయటపడిందని సంతోషించింది కూడా.

లోపల ఏడుపు మొదలైంది. పగలూ రాత్రీ ఒకటే ఏడుపు. గొంతు బొంగురుపోయి మనిషిదో పశువుదో తెలియకుండా అయింది. ఇలాంటి ఇల్లాలు కూడా ఉంటుందా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"నీ మొగుడు పోతే ఎన్నాళ్ళేడ్చావే ముసలీ?" అన్నాడు మెట్ల దగ్గరి భటుడు.

"ఏడుపా? ఆవేళ కడుపునిండా తిని పడుకున్నాన్రా."

గడువు దగ్గరపడింది. రాజుగారి తమ్ముడు వచ్చి ద్రాక్షసారా గిన్నె గిలెల్మ చేతిలో పెట్టాడు.

"కడుపు సంగతి నాకనవసరం. తలుపు తీసేసరికి ఆవిడ ఉండకూడదు."

"పాపం దొరా, ఆడకూతురు..."

"నీకూ ఉందిగా ఓ ఆడకూతురు. ఏ మూల దాక్కున్నా మావాళ్ళు ఈడ్చుకొస్తారు."

ఎవరి బిడ్డ వాళ్ళకి ముద్దు. గిలెల్మ తలుపు కంతలోంచి గిన్నె అందించింది. లోపలినుంచి ఓ చేయి దాన్ని అందుకుంది. రెండో చేయి ముసలిదాని వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"వదలండమ్మా, వదలండి" అని విదిలించుకుంది.

సాయంత్రానికి ఏడుపు ఆగిపోయింది.

శవానికి స్నానం చేయించే పనీ గిలెల్మదే. ముసుగు తీసింది. మళ్ళీ కప్పేసింది. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తనే తెల్లబట్టలో చుట్టి కుట్టేసింది.

"పోయిందా?" బయటినుంచి అడిగాడు రాజుగారి తమ్ముడు.

"పోయింది దొరా."

భర్త కోసం ఏడ్చి ఏడ్చి ప్రాణం విడిచిన మహాసాధ్వి అని మతగురువులు చాటారు. పాలరాతి సమాధి లేచింది. చరిత్ర రాసేవాళ్ళు ఆ ఏడుపు గురించి పుటలు నింపారు. కొత్త పెళ్ళికూతుళ్ళు వచ్చి ఆ రాతిని ముద్దుపెట్టుకోవడం ఆనవాయితీ అయింది. గిలెల్మ కోట వదిలి, ఆ సమాధి ఊడుస్తూ అక్కడే ఉండిపోయింది. చూపు మందగించింది. రాజైన తమ్ముడు కూడా చివరికి మట్టిలో కలిశాడు. ఆ మర్నాడు ఓ పెళ్ళికూతురు ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, నువ్వు దగ్గరుండి సాగనంపావటగా. అంత గొప్ప రాణి, చూడ్డానికి ఎలా ఉండేది?"

అదే మాట ఎందరో అడిగారు. ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇక భయపడాల్సిన మనిషి లేడు.

గిలెల్మ ఆ రాతిని మెల్లగా నిమురుతూ అంది: "నా పెరోనెల్‌కి అన్నీ నా పోలికలే తల్లీ."